పాస్ శాతం కాదు, తలలు లెక్కపెట్టండి

ప్రవేశ పరీక్షతో పిల్లల్ని ఏరుకునే రెండు స్కూళ్లలో సీటొస్తే తేల్చుకోవడం కష్టం. పాస్ శాతాలు రెండింటికీ దాదాపు ఒకటే. ఆఫీసులో రెండు అంకెలు అడగండి: ఈసారి ఆఖరి పరీక్ష రాసినవాళ్లెందరు, అదే బ్యాచ్ మొదట్లో చేరినప్పుడు ఎందరు? 120 మంది చేరి 96 మందే రాశారంటే ఐదోవంతు మధ్యలో వెళ్లిపోయారన్నమాట. ఎందుకని అడగండి. జవాబు కన్నా తడబాటే ఎక్కువ చెబుతుంది.

పనిలోపనిగా, బడి ఉన్న రోజున, బడి వేళకే, గుమ్మం నుంచి గేటు దాకా ఒకసారి వెళ్లి రండి. ఒకవైపు 45 నిమిషాలైతే రోజుకు గంటన్నర దారికే.

మధ్య తరగతుల్లో కొత్తవాళ్లను చేర్చుకునే చోట మాత్రం ఈ తలల లెక్క పనిచేయదు, ఖాళీలు నిండిపోయి లోటు కనపడదు. అక్కడ మొదటినుంచీ ఉన్నవాళ్లెందరో విడిగా అడగాలి.