కంపెనీ కారా, నెలనెలా అలవెన్సా?

కృష్ణపట్నం పోర్టు వైపు ఉద్యోగాల్లో చేరేవాళ్లకి హెచ్‌ఆర్ వాళ్లు ఈ రెండూ ముందు పెడితే, చాలామంది చేతికొచ్చే డబ్బు వైపే మొగ్గుతారు. ముందు పన్ను లెక్క చూడండి. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి 25,000 అలవెన్స్ ఇస్తే, సెస్సుతో కలిపి 7,800 పన్నుకే పోతుంది. మిగిలిన 17,200లోనే ఈఎంఐ, పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసు అన్నీ సర్దుకోవాలి.

అదే కంపెనీ కారు, ఆఫీసుకీ ఇంటికీ కలిపి వాడుకుంటూ, ఖర్చులన్నీ కంపెనీయే భరిస్తే? 2024-25లో 1.6 లీటర్ల లోపు ఇంజన్‌కి నెలకి 1,800 మాత్రమే ఆదాయంలో కలిపేవారు. దాని మీద పన్ను 560 చిల్లర! ఇప్పటి రేటు ఎంతో మీ ఆడిటర్‌ని అడగండి.

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా రోజూ పోర్టుకి తిరిగేవాళ్లయితే నా ఓటు కంపెనీ కారుకే. ఆ ఉప్పుగాలికి, బొగ్గు దుమ్ముకి సొంత కారును బలిచేయడం ఎందుకు? ఇంట్లో ఆల్రెడీ మంచి కారుండి, తిరుగుడు తక్కువైతే మాత్రం అలవెన్సే నయం.

సంతకం పెట్టేముందు ఒకటి చూసుకోండి: కంపెనీ ఆ కారుని లీజుకి తీసుకుని ఇస్తే, మీరు మధ్యలో ఉద్యోగం మానేశాక మిగిలిన లీజు వాయిదాలు ఎవరు కట్టాలో కాగితంలో రాసుందా?