నీళ్లు పట్టని జుట్టుకు ఇంట్లో నూనె కాచుకోవడం

చేమాకు మీద పోసినట్టు నీళ్లు జుట్టు మీద బొట్లు కట్టి జారిపోతాయి. నాలుగు చెంబులు పోసినా పాయ లోపల పొడిగానే ఉంటుంది. ఒకసారి తడిసిందా, ఇక ఆరదు. పొద్దున ఏడింటికి తలకు పోసుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకు కూడా జడ లోపల చెమ్మ తగులుతుంది. రాసిన నూనె మరుసటి రోజుకీ పైనే నిలిచి, రోడ్డు మీది దుమ్మంతా పట్టుకుంటుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే అది లో పొరాసిటీ జుట్టు, అంటే నీళ్లను తేలిగ్గా లోపలికి పీల్చుకోని జుట్టు.

వెంట్రుక చుట్టూ చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉండే పొర పేరు క్యూటికల్. ఈ రకం జుట్టులో ఆ పొలుసులు గట్టిగా అణిగి ఉంటాయి. వాటి పైన 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లం అనే సహజమైన కొవ్వు పూత చెక్కుచెదరకుండా ఉంటుంది. నీళ్లను నెట్టేసేది ఆ పూతే. రంగులు, బ్లీచింగ్ మొదట పోగొట్టేదీ దాన్నే. కాబట్టి ఇది జబ్బు పడ్డ జుట్టు కాదు, పెద్దగా దెబ్బ తినని జుట్టు. దీనికి పల్చటి నూనె చాలు, అదీ కొంచెమే, తలస్నానం వేళ చూసుకుని. ‘జుట్టు పొడిగా ఉంది, ఇంకో చేరెడు నూనె పట్టించు’ అనే ఇంటి పెద్దల సలహా దగ్గరే ఈ జుట్టుకు కష్టాలు మొదలవుతాయి.

గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలితే లో పొరాసిటీ, మునిగితే హై పొరాసిటీ అనే పరీక్షను నమ్మొద్దు. నీటి తలతన్యత వల్ల ఏ వెంట్రుకైనా కాసేపు తేలుతుంది. కాస్త నూనె అంటి ఉంటే మరీ తేలుతుంది. షాంపూతో కడిగి, కండిషనర్ పెట్టకుండా పూర్తిగా ఆరబెట్టిన జుట్టు మీద స్ప్రే సీసాతో నీళ్లు చల్లి చూడండి. ఒక నిమిషం తర్వాత కూడా బొట్లు బొట్లుగానే ఉంటే మీ అనుమానం నిజమే. కుదుళ్ల దగ్గర, మధ్యలో, చివర్లలో మూడు చోట్లా చూడాలి. నడుము దాటిన జడ చివర్లు ఆరేడేళ్ల నాటివి. దువ్వెన, ఎండ, రబ్బరు బ్యాండు వాటిని అరగదీసి ఉంటాయి కాబట్టి అక్కడ నీళ్లు ఇట్టే ఇంకుతాయి. కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లకు ఏడాదిలో పెరిగే నాలుగైదు అంగుళాలు మాత్రం అంతా కొత్త వెంట్రుకే, నీళ్లు పట్టకపోవడం మామూలే. దానికి కంగారు పడి ఆముదం పట్టించకండి.

ఇంకో చిక్కు బోరు నీళ్లది. తిరుపతి శివారు కాలనీల్లో, చిత్తూరు పల్లెల్లో చాలా ఇళ్లలో తలస్నానానికి బోరు నీళ్లే దిక్కు. సబ్బు నురగ రాని నీళ్లయితే అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డుగా వెంట్రుకకు పట్టేస్తాయి. దాని మీద పాత నూనె పొర. అప్పుడు ఏ జుట్టయినా నీళ్లు పట్టనట్టే కనిపిస్తుంది. అందుకే నూనె కాచే పనికి ముందు ఒకసారి క్లారిఫైయింగ్ షాంపూతో (పేరుకున్న జిడ్డును వదిలించే రకం) తల రుద్దుకుని, లీటరు నీళ్లలో ఒక టేబుల్ స్పూను వెనిగర్ కలిపి కడిగి, తర్వాత మంచి నీళ్లు పోసుకోండి. వారం ఆగి చూడండి. చాలామందికి సమస్య అక్కడే తేలిపోతుంది. స్నానం సబ్బును తలకు రుద్దే అలవాటు ఉంటే మానేయాలి. కుంకుడు రసం ఈ విషయంలో నయం, బోరు నీళ్లలో కూడా సబ్బులా తెట్టు కట్టదు.

ఏ నూనె

టెంకాయనూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, నిటారుగా ఉంటుంది కాబట్టి వెంట్రుక లోపలికి దిగగలదు, తల కడిగేటప్పుడు మాంసకృత్తులు పోకుండా కాపాడగలదు. ఇంత మంచి నూనె ఈ జుట్టుకు ఒంటరిగా ఎందుకు పడదంటే, ఎక్కువ రాసినప్పుడు దిగాల్సింది దిగగా మిగిలింది పైన పొరలా నిలిచి వెంట్రుకను బిరుసు చేస్తుంది. మిశ్రమంలో ఐదో వంతు ఉంటే చాలు. ఇంకో లాభం కూడా ఉంది. టెంకాయనూనె 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. పలమనేరు, మదనపల్లె వైపు చలికాలం పొద్దున సీసాలోంచి రాదు. ఐదో వంతుకు మించకపోతే మిగతా నూనెలు దాన్ని జారుగానే ఉంచుతాయి.

నువ్వుల నూనె మధ్యరకం బరువు. అందులోని సెసమాల్ లాంటి పదార్థాల వల్ల తొందరగా చెడదు. కాచిన నూనెకు పునాదిగా ఇదే మంచిది. పొద్దుతిరుగుడు నూనె పల్చన, చవక, కానీ త్వరగా ముక్కిపోతుంది. చెనక్కాయ (వేరుశనగ) నూనె మన చిత్తూరు వైపు సొత్తు, పనికొస్తుంది కూడా. అయితే గానుగ నూనె వాసన రెండు తలస్నానాలకు కూడా వదలదు, రిఫైన్డ్ వాడుకోండి. బాదం, ద్రాక్షగింజల నూనెలు తేలిక. జోజోబా నిజానికి నూనె కూడా కాదు, ద్రవరూపంలో ఉన్న మైనం. ఖరీదెక్కువైనా ఐదారు మిల్లీలీటర్లే కావాలి, ఏళ్ల తరబడి చెడదు.

ఆముదం వద్దు. అందులో పదింట తొమ్మిది వంతుల దాకా రిసినోలిక్ ఆమ్లం. బంకలా సాగి, పైనే కూర్చుంటుంది, కడగడానికి రెండుసార్లు షాంపూ పెట్టాలి, ఆ రుద్దుడుకు జుట్టు చిక్కు పడుతుంది. కనుబొమలకు రాసుకుంటే రాసుకోండి.

గానుగ దగ్గర కొన్న నూనె ఏదైనా సరే, రెండు రోజులు కదపకుండా ఉంచి మడ్డి అడుగుకు దిగాక పైతేట మాత్రమే వాడాలి.

ఆకుల్లోంచి నూనెలోకి ఏది దిగుతుంది, ఏది దిగదు

ఇంట్లో నూనె కాచేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. నూనెలోకి నూనెలో కరిగేవే వస్తాయి. కరివేపాకు పచ్చదనం, దాని ఘాటు వాసన దిగుతాయి. వట్టివేళ్ల పరిమళం దిగుతుంది. గుంటగలగర నుంచి కొంత దిగుతుంది. మెంతుల జిగురు మాత్రం నీళ్లలో కరిగేది. నూనెలో వేయించిన మెంతులు వాసన తప్ప ఏమీ ఇవ్వవు. మందారాకు జిగురు కూడా అంతే. ఉసిరికాయలో సి విటమిన్ నీళ్లలోదే, నూనెలోకి రాదు. జుట్టు జారుగా, మెత్తగా కావాలంటే మెంతులను, మందారాకును నూనెలో కాచడం దండగ. మెంతులు రాత్రి నానబెట్టి వడకట్టిన నీళ్లను, మందారాకు పిసికిన రసాన్ని తలస్నానం చివర పోసుకోండి, ఈ జుట్టుకు అవి నూనెకన్నా బాగా పని చేస్తాయి. వాటిని గుడ్డలో బాగా వడకట్టకపోతే మాత్రం పిప్పి వారం దాకా దువ్వెనకు వస్తూనే ఉంటుంది.

తలంటుకు ముందు రాసే నూనె

100 మి.లీ. సీసాకు: నువ్వుల నూనె 40 మి.లీ., పొద్దుతిరుగుడు నూనె 40 మి.లీ., టెంకాయనూనె 20 మి.లీ., ఎండిన కరివేపాకు 6 గ్రాములు, ఎండిన గుంటగలగర ఆకు 2 గ్రాములు, చిన్న ముక్కలుగా కత్తిరించిన వట్టివేళ్లు 2 గ్రాములు. మొత్తం ఆకు నూనెలో పదో వంతు. అంతకు మించి వేస్తే ఆకే నూనె తాగేసి మీకు డెబ్బై మి.లీ. కూడా మిగలదు.

కరివేపాకు కడిగి, గుడ్డ మీద పరిచి, నీడలో ఫ్యాను కింద మూడు నాలుగు రోజులు ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు మాడిపోతుంది. సుమారు 20 గ్రాముల పచ్చి ఆకు ఆరితే 6, 7 గ్రాములవుతుంది. వేళ్ల మధ్య నలిపితే గలగలమంటూ పొడి కావాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. చేత్తో ముక్కలు చేయండి, మిక్సీలో వేయకండి. మెత్తటి పొడి ఎన్నిసార్లు వడకట్టినా నూనెలోనే మిగిలి, మాడు మీద ఇసుకలా తగులుతుంది.

వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టి, అవి చిన్నగా మరుగుతుండగా పొడిగా తుడిచిన స్టీలు గిన్నెలో నూనె, ఆకు వేసి ఆ నీళ్లలో నిలపండి. మంట సన్నగా ఉండాలి. ఇలా చేస్తే నూనె వంద డిగ్రీలు దాటదు, మాడే భయం లేదు. 45 నిమిషాల నుంచి గంట సేపు, పదేసి నిమిషాలకు ఒకసారి పొడి గరిటెతో కలపాలి. మూత పెట్టొద్దు. మూతకు పట్టిన ఆవిరి చుక్కలై నూనెలోనే పడుతుంది. నూనె లేత ఆకుపచ్చగా మారి, కరివేపాకు వాసన ఇల్లంతా పరుచుకుంటే దింపేయండి. గోధుమ రంగు, పోపు మాడిన వాసన వచ్చాయంటే మంట ఎక్కువైనట్టు. ఆ నూనె జుట్టుకు హాని చేయదు కానీ ఆ వాసనతో ఎవరూ పక్కన కూర్చోలేరు.

గోరువెచ్చగా అయ్యాక మల్లు గుడ్డలో రెండు మడతలు వేసి వడకట్టాలి. చివర్లో గుడ్డను గట్టిగా పిండకండి, పిండితే పిప్పి దిగుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి పైతేటను సీసాలోకి వంచుకోండి.

పచ్చి ఆకుతోనే కాయాలి అనుకునేవాళ్లకు ఆయుర్వేద తైల పద్ధతి ఉంది: ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, రసం లేదా నీళ్లు పదహారు వంతులు. 25 గ్రాముల గుంటగలగర ముద్ద, 100 మి.లీ. నువ్వుల నూనె, 400 మి.లీ. రసం అన్నమాట. సన్నని మంట మీద గంటల తరబడి ఇగరాలి. ముద్ద వేళ్ల మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. ఆ ముద్దను కొంచెం నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు. చిటపటమంటే నీళ్లు మిగిలాయి, ఆ నూనె త్వరగా పాడవుతుంది. శ్రమకు తగ్గ లాభం ఈ జుట్టుకు కనబడదు కాబట్టి ఎండుటాకు పద్ధతే చాలని మా మాట.

తలంటు తర్వాత వాడే తేలిక నూనె

దీన్ని కాయక్కర్లేదు. ద్రాక్షగింజల నూనె 25 మి.లీ., బాదం నూనె 20 మి.లీ., జోజోబా 5 మి.లీ. కలిపి సీసాను చేతుల మధ్య దొర్లిస్తే అయిపోయింది. వాసన కావాలంటే రోజ్‌మేరీ లేదా లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ 10 చుక్కలు, అంటే ఒక శాతం. అంతకు మించి వద్దు. ముందు మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి ఒక రోజు ఆగి చూడండి.

చాలామంది మందుల షాపులో పచ్చ రంగు ఇ విటమిన్ గొట్టం మాత్రలు కొని, నూనె చెడకుండా ఉంటుందని చిదిమి పోస్తారు. ఆ గొట్టాల్లో ఉండేది సాధారణంగా టోకోఫెరాల్ ఎసిటేట్, సీసాలో నూనె ముక్కిపోకుండా అది ఆపలేదు. ఆ పనికి కావాల్సింది అచ్చమైన టోకోఫెరాల్. అది దొరక్కపోతే ఒక్కసారికి యాభై మి.లీ.కు మించి నూనె కలపకుండా ఉండటమే సులువైన మార్గం.

ఇక కర్పూరం. తిరుపతిలో కర్పూరానికి కొదవ లేదు కనుక నూనెలో వేయడం ఇక్కడ పరిపాటి. పసిపిల్లలున్న ఇంట్లో వేయకండి. పొరపాటున నోట్లోకి పోతే ఫిట్స్ వచ్చేంత ప్రమాదం. పొయ్యి మీద ఉన్న నూనెలో అసలే వేయకూడదు, అంటుకుంటుంది.

రాయడం

భుజాల దాకా ఉన్న జుట్టుకు తలంటు నూనె ఒక టీస్పూను, నడుము దాకా ఉంటే రెండు. అంతే. సీసాను వేడి నీళ్ల మగ్గులో ఐదు నిమిషాలు ఉంచితే నూనె పల్చబడి సులువుగా పరుచుకుంటుంది. వేడి చేసే మేలు అదే. వేడి నూనె వెంట్రుక పొలుసులను తలుపుల్లా తెరుస్తుందనేది ప్రచారమే. జుట్టును నాలుగు పాయలు చేసి, నూనెను అరచేతుల్లో రుద్ది, మధ్య నుంచి చివర్లకు రాయండి. ఆ తర్వాతే చేతికి మిగిలింది కుదుళ్లకు. చుండ్రు ఉంటే మాడుకు అసలు రాయొద్దు, చుండ్రుకు కారణమయ్యే ఫంగస్ కొవ్వు తినే బతుకుతుంది. వేడి నీళ్లలో ముంచి పిండిన టవల్‌ను పదిహేను నిమిషాలు చుట్టి, మొత్తం అరగంట నుంచి గంటలో తలస్నానం చేసేయాలి. మే నెలలో టవల్ అక్కర్లేదు, తిరుపతి గది వేడే చాలు. రాత్రంతా ఉంచక్కర్లేదు, దిండు గలీబు పాడవుతుంది.

షాంపూ పెట్టేటప్పుడు నీళ్లు పోసే ముందే కొంచెం షాంపూను నూనె మీద నేరుగా రుద్దితే జిడ్డు ఒక్కసారికే వదులుతుంది. తలంటు తర్వాత టవల్‌తో అద్దిన తడి జుట్టు మీద తేలిక నూనె మూడు నాలుగు చుక్కలు చాలు. పొడి జుట్టు మీద రాస్తే పాయలు పాయలుగా అంటుకుపోతుంది. తలంటు నూనె వారానికి ఒకసారి. జుట్టు దారాల్లా బరువుగా వేలాడుతుంటే రెండు వారాలు నూనె ఆపి, క్లారిఫైయింగ్ షాంపూతో ఒకసారి కడిగి, మళ్లీ సగం కొలతతో మొదలుపెట్టండి.

దాచడం

ముదురు గోధుమ రంగు గాజు సీసా, మరగబెట్టి బోర్లించి పూర్తిగా ఆరినది వాడాలి. తడి వేళ్లు సీసాలో పెట్టకండి. తలంటు నూనె మూడు నెలలు, తేలిక నూనె రెండు నెలలు ఉంటాయి. ఎండాకాలంలో రెంటినీ ఫ్రిజ్‌లో పెట్టండి. అక్కడ టెంకాయనూనె తెల్లగా పేరుకుంటే భయపడక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది. వెచ్చబడ్డాక కూడా మబ్బుగానే ఉంటే లోపల నీళ్లున్నట్టు. పాత వేరుశనగ డబ్బా తెరిచినప్పటి వాసన వస్తే ముక్కిపోయినట్టు. ఆ రెంటినీ పారేయండి. సింకులో పోయకుండా పాత కాగితంలో పీల్చించి చెత్తబుట్టలో వేయండి.