పార్కుకెళ్తే జేబులో ఒక పాత సంచి

బరంపురంలో సాయంత్రమైతే పిల్లల్ని తీసుకుని రామలింగం పార్కుకి వెళ్లేవాళ్లం చాలామందిమే. ఈసారి వెళ్లేటప్పుడు ఒక పాత గుడ్డసంచి మడిచి జేబులో పెట్టుకోండి. చిప్స్ ప్యాకెట్లు, వేరుశనగ తొక్కలు అన్నీ అందులోకే. చెత్తబుట్ట నిండిపోయి ఉంటే దాని పక్కన మాత్రం పెట్టకండి. కుక్కలు లాగి గడ్డి మీదంతా పరిచేస్తాయి. సంచి ఇంటికి తెచ్చేయడమే.

ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా బర్త్‌డేలకి తెస్తూనే ఉన్నారు! ఆకు దొప్పలు మన బజారులో దొరకవా ఏమిటి?

మొన్న మా చిన్నోడు ఐస్‌క్రీం పుల్ల చేత్తో పట్టుకుని ఇంటిదాకా వచ్చాడు. సంచి మర్చిపోయింది నేనే లెండి.