నియోజకవర్గం ఎన్నికల చరిత్ర తయారు చేయడం: హిందూపురం, మడకశిర ఉదాహరణలతో

నియోజకవర్గం చరిత్ర రాద్దామని కూర్చున్న ప్రతి ఒక్కరూ ముందు గెలిచినవాళ్ల పేర్లు వరసగా పేర్చుకుంటారు. ఆ పని చివరికి పెట్టుకోండి. ముందు హద్దులు తేలాలి. హిందూపురం అన్న పేరు దశాబ్దాలుగా ఉన్నా ఆ పేరు కింద ఉన్న ఊళ్లు మారుతూ వచ్చాయి. ఊళ్లు మారితే ఓటర్లు మారినట్టే. ఈ సంగతి పట్టించుకోకుండా పాత మెజారిటీని కొత్త మెజారిటీ పక్కన పెడితే ఆ పోలికకు విలువ ఉండదు.

ఎక్సెల్‌లో మూడు షీట్లు తెరవండి: హద్దులు, ఫలితాలు, ఉప ఎన్నికలు.

హద్దుల షీటుకు ఆధారం పునర్విభజన ఉత్తర్వులు, అంటే నియోజకవర్గాల హద్దులు తిరిగి గీసిన ఉత్తర్వులు. మన దగ్గర 1967, 1972 ఎన్నికలు ఒకే హద్దులతో జరిగాయి. 1976 ఉత్తర్వు ప్రకారం 1978 నుంచి 2004 దాకా ఏడు సాధారణ ఎన్నికలు నడిచాయి. 2001 జనాభా లెక్కలను బట్టి 2008లో వచ్చిన ఉత్తర్వు 2009 నుంచి అమల్లో ఉంది. 1952, 1955, 1962 ఎన్నికలను దేనికదే విడిగా చూడాలి. ఒక్కో గుంపుకు ఒక్కో రంగు వేసుకుని, ఒకే రంగులో ఉన్న అంకెలనే పోల్చండి.

పాత ఉత్తర్వు చదివేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. 1985లో మండలాలు వచ్చేదాకా తాలూకాలు, వాటిలోని చిన్న రెవెన్యూ విభాగాలైన ఫిర్కాలే లెక్క. 1976 ఉత్తర్వులో ఫిర్కాల పేర్లుంటాయి, 2008 ఉత్తర్వులో మండలాల పేర్లుంటాయి. ఫిర్కా పేరు, మండలం పేరు ఒకటే అయినంత మాత్రాన రెండిటి పరిధీ ఒకటే అనుకోవద్దు. ఊరి స్థాయికి దిగి సరిచూడాలి. పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, తొందరపడకండి. ఇప్పటి హిందూపురంలో హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు మండలాలున్నాయి. 2008 పునర్విభజనలో చుట్టుపక్కల గోరంట్ల, నల్లమాడ నియోజకవర్గాలు రద్దయి, పుట్టపర్తి కొత్తగా పుట్టింది. కాబట్టి పుట్టపర్తి చరిత్ర రాసేవాళ్లు 2009తోనే మొదలుపెట్టాలి. అంతకుముందు సంగతులు గోరంట్ల, నల్లమాడ పేర్లతో వేరే పేజీలోకి వెళ్లాలి.

రిజర్వేషన్ కూడా ఈ షీటులోనే రాయండి. మడకశిర 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. అక్కడి నుంచి పోటీ చేస్తూ వచ్చిన రఘువీరారెడ్డి ఆ ఎన్నికల్లో కల్యాణదుర్గం వెళ్లింది అందుకే. రిజర్వేషన్ గడి ఖాళీగా వదిలేస్తే చదివేవాళ్లు దాన్ని పార్టీలోని గొడవ అనుకునే ప్రమాదం ఉంది.

ఇక ఎన్నికల సంవత్సరాలు. ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాల్లో 1952 ఎన్నిక మద్రాసు శాసనసభకు జరిగింది, 1955 ఎన్నిక ఆంధ్ర రాష్ట్రానికి. 1957లో తెలంగాణలో మాత్రమే ఎన్నికలు జరిగాయి. 1955లో గెలిచినవాళ్లు 1962 దాకా కొనసాగారు. హిందూపురం పట్టికలో 1957 వరస కనిపిస్తే అది లోక్‌సభ ఫలితం తెలియక చేరిపోయిందనే అర్థం. హిందూపురం పేరుతో లోక్‌సభ స్థానం కూడా ఉంది కాబట్టి ఈ తప్పు తరచూ దొర్లుతుంది. తెలంగాణ వాళ్లకు మొదటి రెండూ 1952లో హైదరాబాద్ శాసనసభ, 1957లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ. 2024 దాకా ఇటు 16, అటు 16 సాధారణ ఎన్నికలు రావాలి: ఇక్కడ చివరిది 2024, అక్కడ 2023. లెక్క తేడా వస్తే మళ్లీ చూసుకోండి.

1955లో 196 సీట్లకు 167 నియోజకవర్గాలే. అంటే 29 చోట్ల ఇద్దరేసి సభ్యులు. అలాంటి చోట ఓటరుకు రెండు ఓట్లుండేవి. పోలైన ఓట్లను ఓటర్ల సంఖ్యతో నేరుగా భాగిస్తే పోలింగ్ శాతం నూరు దాటినా దాటుతుంది. ఆ వరసల్లో శాతం గడిని ఖాళీగా ఉంచి, ‘ద్విసభ్య’ అని రాయడం మంచిది.

ఫలితాలకు ఎన్నికల కమిషన్ గణాంక నివేదికలు ఆధారం. వాటిలోనూ మెలికలున్నాయి. 1983 నివేదికలో తెలుగుదేశం అభ్యర్థులు స్వతంత్రులుగా నమోదయ్యారు. పార్టీ పెట్టి ఏడాది కూడా కాలేదు. నివేదికలో ఉన్నది ఒక గడిలో, వాస్తవంగా నిలబెట్టిన పార్టీ మరో గడిలో రాయాలి. ఒకటే గడి పెడితే హిందూపురంలో 1983 నుంచి ఆ పార్టీ వరసగా గెలుస్తున్న సంగతే మరుగున పడుతుంది. 1983లో పి.రంగనాయకులు, 1985, 1989, 1994లో ఎన్టీ రామారావు, 1999లో సి.సి.వెంకట్రాముడు, 2004లో మళ్లీ రంగనాయకులు, 2009లో అబ్దుల్ ఘని, 2014, 2019, 2024లో బాలకృష్ణ. సాధారణ ఎన్నికలు పది. ఇంటిపేర్లు పొడి అక్షరాలుగానే ఉంటాయి కాబట్టి, ‘రెండోసారి గెలిచారు’ అని రాసే ముందు ఆ ఇద్దరూ ఒకరేనని శాసనసభ సభ్యుల వివరాల పుస్తకంలో సరిచూసుకోండి.

1989లో ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా పెరగడం కనిపిస్తుంది. ఆ ఏడాదే ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఆ పెరుగుదలకు వలసలనో, దొంగ ఓట్లనో కారణంగా రాసేయకండి.

పట్టికల్లో ఎక్కువగా తప్పిపోయేవి ఉప ఎన్నికలు. 1985లో రామారావు గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడుచోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. మిగతా రెండిటికీ ఉప ఎన్నిక వరస రావాలి. 1994లో హిందూపురంతో పాటు ఆయన గెలిచి వదులుకున్న టెక్కలిదీ అదే కథ. 1996 జనవరిలో ఆయన మరణించాక హిందూపురం ఉప ఎన్నికలో హరికృష్ణ గెలిచారు. తిరుపతి అయితే ఆరేళ్లలో నలుగురు ఎమ్మెల్యేలను చూసింది: 2009లో చిరంజీవి, 2012 ఉప ఎన్నికలో భూమన కరుణాకరరెడ్డి, 2014లో వెంకటరమణ, 2015 ఉప ఎన్నికలో సుగుణమ్మ. ఖాళీ ఎందుకొచ్చిందో ఒక్క మాట తప్పకుండా రాయండి: రాజీనామా, మరణం, అనర్హత.

ఉప ఎన్నిక జరగకుండానే ఎమ్మెల్యే మారిన చోటూ ఉంది. మడకశిరలో 2014లో గెలిచిన ఈరన్న ఎన్నిక చెల్లదని 2018లో హైకోర్టు తేల్చింది. ఆయన స్థానంలో డాక్టర్ తిప్పేస్వామి ఎమ్మెల్యే అయ్యారు. గణాంక నివేదిక పోలింగ్ నాటిది, అందులో ఇది దొరకదు.

మెజారిటీ ఒక్కటే రాసి వదిలేయకండి. హిందూపురంలో 2014లో బాలకృష్ణకు 81,543, ప్రత్యర్థికి 65,347 ఓట్లు, తేడా 16,196. 2024లో 1,07,250, 74,653, తేడా 32,597. మెజారిటీ రెట్టింపైందని మాత్రమే రాస్తే ప్రత్యర్థి కూలిపోయారనిపిస్తుంది. నిజానికి ప్రత్యర్థి పార్టీ వైఎస్సార్‌సీపీ ఓట్లూ 9,306 పెరిగాయి. బాలకృష్ణ ఓట్లు 25,707 పెరిగాయి. అందుకే మొదటి ఇద్దరి ఓట్లు, చెల్లిన ఓట్లు, మొత్తం ఓటర్లు నాలుగూ ఉండాలి. మన శాసనసభ ఎన్నికల్లో నోటా 2014లో మొదలైంది. శాతం లెక్కలో దాన్ని కలుపుతున్నారో లేదో గడి పైనే రాసి, చివరిదాకా అదే పద్ధతిలో వెళ్లండి.

ఊరివారీగా చూడాలంటే ఫారం 20, అంటే పోలింగ్ కేంద్రాలవారీ ఓట్ల పట్టిక తీయాలి. ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఇటీవలి ఎన్నికలవి దొరుకుతాయి. ఒక్కో పోలింగ్ కేంద్రం ఒక్కో వరస, అభ్యర్థి ఒక్కొక్కరికి ఒక్కో గడి. కేంద్రాలన్నీ కూడితే వచ్చేది ఈవీఎం ఓట్లే. పోస్టల్ ఓట్లు చివర్లో విడిగా ఉంటాయి, అవి కలిపితేనే ప్రకటించిన అంకె వస్తుంది. 2024లో మడకశిర 351 ఓట్ల తేడాతో తేలింది. అంత దగ్గరి పోటీలో ఆ చివరి వరస వదిలేస్తే తేడా తారుమారయ్యే వీలుంది. టెండర్డ్ ఓట్లు (తన పేరుతో అప్పటికే మరొకరు ఓటేసి వెళ్లినప్పుడు అసలు ఓటరు విడిగా వేసేవి) కూడా అదే కాగితంలో కనిపిస్తాయి. అవి లెక్కించే ఓట్లు కావు, కలపొద్దు.

రెండు ఎన్నికల ఫారం 20లను కేంద్రం నంబరుతో జత చేయకండి. ఓటర్లు పెరిగినచోట కొత్త కేంద్రం పెడితే ఆ తర్వాతి నంబర్లన్నీ ఒకటి జరుగుతాయి. ఫారంలో నంబరే ఉంటుంది కాబట్టి, ఆ ఏటి పోలింగ్ కేంద్రాల జాబితా పక్కన పెట్టుకుని బడి పేరు, ఊరి పేరు చూసి జత చేయాలి. ఒకే బడిలో నాలుగు గదుల్లో నాలుగు కేంద్రాలుంటే ఆ నాలుగూ కూడి ఊరి మొత్తంగా రాసుకోండి. గదికీ గదికీ పోలిక పెట్టొద్దు, ఏ వీధి ఓట్లు ఏ గదిలోకి వెళ్లాయో ప్రతిసారీ మారుతుంది.