ఊరివాళ్లు తలపెట్టిన పనికి తోడు నిలవడం ఎలా

సంక్రాంతికి వారం ముందు నుంచి నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, ఈ మధ్య అమెరికా నుంచి కూడా. "అక్కా, పండక్కి వస్తున్నాం. ఊరికి ఏదైనా చేయాలనుంది, ఏం చేయమంటారు?" అని. పిల్లలు మంచి మనసుతోనే అడుగుతారు. నేను ప్రతిసారీ ఒకటే అడుగుతాను: "ఊళ్లో వాళ్లు ఇప్పటికే ఏం చేసుకుంటున్నారో చూశారా నాయనా?"

మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, వింజమూరు వైపు. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రి బడి చెప్పాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. తర్వాత ఇరవై రెండేళ్లు పొదుపు సంఘాల పుస్తకాలు రాశాను. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా కలిసి ఒక పని తలపెడితే పిలుస్తారు, వెళ్తాను. ఊరికి తోడు నిలవాలనుకునేవాళ్లకి నాకు తెలిసింది రాస్తున్నాను.

మన జిల్లాలో దీనికి పెద్ద ఉదాహరణ దూబగుంట. రాత్రి బడి వాచకంలో సారా మీద ఒక పాఠం ఉండేది. చదివిన ఆడవాళ్లు ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. ఆ ఊరి రోశమ్మ గారి లాంటివాళ్లు ముందు నిలబడ్డారు, ఊళ్లో సారా అంగడి మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఊరూరా పుట్టాయి. అప్పుడు మాలాంటి వాలంటీర్లం చేసిందల్లా పలకలు పంచడం, లాంతరులో కిరసనాయిలు ఉందో లేదో చూసుకోవడం, పాఠం అయ్యాక కూడా వాళ్లు మాట్లాడుకుంటూ ఉంటే లేపకుండా కూర్చోవడం. నేను నేర్చుకున్న పని అదే.

ముందు నాలుగు రోజులు తిరగండి

"మీకేం కావాలి?" అని అడిగితే జనం చాంతాడంత జాబితా చెబుతారు. రోడ్డు, లైట్లు, కల్యాణ మండపం. అడిగినవాళ్లు ఇస్తారేమోనని చెప్పే జాబితా అది. దానికి బదులు "పోయినేడు మీరంతా కలిసి ఏం చేసుకున్నారు?" అని అడగండి. మా పక్క ఊళ్లో అలా అడిగితే మొదట ఏమీ లేదన్నారు. కాసేపయ్యాక పాలకేంద్రం దగ్గర క్యాను పట్టుకుని నిలబడ్డ ఒకామె, "కాలనీ దారిలో గుంతలకి మేమే గ్రావెల్ తోలించాం, ఇంటికి యాభై వేసుకొని" అంది. ఇంకొకాయన, "చెరువుకొచ్చే సప్లయి కాలువలో కంప కొట్టాలని రెండేళ్లుగా అనుకుంటా ఉండాం. నా చేను పక్కన నేను కొట్టేశా కూడా" అన్నాడు. ఆ రెండు మాటలు దొరికితే చాలు. పని అప్పటికే మొదలైంది, చేయి వేసేవాళ్లే తక్కువ.

ఇవి వినాలంటే జనం ఉండే చోటికి వెళ్లాలి. ఉదయం ఆరింటికి పాలకేంద్రం, కూలీల ఆటో ఎక్కే మలుపు, సాయంత్రం టీ అంగడి, నీళ్లొచ్చే వేళకి కుళాయి. నోటుబుక్కు తీయొద్దు. పుస్తకం చూస్తే మనుషులు మాట మార్చేస్తారు.

ఇలా తిరగకపోవడం వల్ల నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో పశువుల నీటి తొట్టి కావాలని నేనే అర్జీ రాసి, నేనే తిరిగి, మంజూరు చేయించాను. పైపులైను దగ్గరగా ఉందని రోడ్డు పక్కనే స్థలం కూడా నేనే చూపించాను. తొట్టి బాగా కట్టారు. ఎండాకాలం వచ్చాక చూస్తే అందులో నీళ్లు పచ్చబడి ఉన్నాయి, ఒక్క గొడ్డు కూడా రావడం లేదు. గొర్రెలు మేపే ఆయన్ని అడిగితే, "మా జీవాలు ఈ దారిన రావమ్మా, దొరువు పక్కనుంచి పోతాయి. నన్నెవరూ అడగలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఏ పనికైనా స్థలం చూపించాల్సింది దాన్ని రోజూ వాడేవాళ్లే.

అందరూ వచ్చే చోట కూర్చోండి

మీటింగు రామాలయం అరుగు మీద పెడితే ఎవరు వస్తారో, ఎవరు రోడ్డు మీదే నిలబడిపోతారో మన ఊళ్లు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బడి ఆవరణ మంచిది. కాలనీలో పెడితే ఇంకా మంచిది. కూలికి పోయేవాళ్లు తిని కాస్త నడుం వాల్చి లేచేసరికి రాత్రి ఏడున్నర అవుతుంది, ఆ టైమే పెట్టండి. వాట్సాప్ మెసేజి ఒక్కటే చాలదు, దండోరా వేయించండి. దండోరా వేసే మనిషికి చివరి ఇంటిదాకా వెళ్లమని గట్టిగా చెప్పండి.

ఆ సప్లయి కాలువ విషయంలో మొదటి మీటింగుకి గిరిజన కాలనీ నుంచి ఎవరూ రాలేదు. నెల్లూరు జిల్లాలో యానాదులు లేని చెరువు కట్ట ఉండదు. చెరువులో ఎక్కడ లోతు, ఎక్కడ పూడిక, నీళ్లు ఏ వైపు నుంచి వస్తాయో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. రెండో మీటింగు వాళ్ల కాలనీలో పెట్టాం. అక్కడ ఒక పెద్దాయన చివరిదాకా ఏమీ మాట్లాడలేదు. అందరూ లేచాక, "రేప్పొద్దున ఒకసారి నాతో రండి" అన్నాడు. కాలువ వెంట కిలోమీటరు నడిపించి ఒక చోట ఆగాడు. కర్రతో మట్టి గీసి చూపించాడు. కాలువ గట్టు రెండు బారల మేర కోసుకుపోయి ఉంది. "కంప కొట్టినా నీళ్లు మీ చెరువుకి రావు. ఈడ నుంచి వాగులోకి తప్పిపోతాయి" అన్నాడు. మేం కంప గురించే లెక్కలు వేసుకుంటున్నాం. ఆయన రాకపోతే ఆ ఏడు డబ్బంతా పోయి, చెరువు ఎండిపోయే ఉండేది.

మాట్లాడే వరుస కూడా చూసుకోండి. పెద్ద రైతు ముందు మాట్లాడితే మిగతావాళ్లు తల ఊపి వెళ్లిపోతారు. ఆడవాళ్లని, చిన్నవాళ్లని ముందు మాట్లాడించండి.

మొదటి పని చిన్నదిగా ఉండనివ్వండి

ఆ కాలువ మొత్తం రెండు కిలోమీటర్లు. మొదటి ఏడు గండి పూడ్చి, దాని చుట్టూ 300 మీటర్లు మాత్రమే శుభ్రం చేసుకుందామని వాళ్లే అన్నారు. ఒక ఆదివారంలో అయిపోయే పని. అయిపోయిందని కళ్లతో చూస్తేనే జనానికి రెండో పని మీద నమ్మకం కుదురుతుంది. మన జిల్లాకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచే కాబట్టి వినాయక చవితి అయ్యాక పెట్టుకున్నారు.

చెరువు పని చేసేవాళ్లకి ఒక మాట. చిల్లకంప (సర్కారు తుమ్మ) కొమ్మలు నరికితే చాలదు, మొదలు నుంచి మళ్లీ చిగురేసి ముందుకన్నా గుబురుగా వస్తుంది. వేరుతో సహా పెకలించాలి, దానికి జేసీబీ తప్పదు. ముళ్లు చెప్పుల్లోంచి దిగుతాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. చెరువు ఎవరి కింద ఉందో, పంచాయతీ కిందో జలవనరుల శాఖ కిందో, ముందే కనుక్కోండి. మట్టి ఎత్తాలంటే అనుమతి కాగితం చేతిలో ఉండాలి.

డబ్బు, పుస్తకం, తాళంచెవి

నిజానికి ఈ వ్యాసం దీని కోసమే రాస్తున్నాను. ఊరి పనులు డబ్బు లేక ఆగిపోవడం నేను తక్కువ చూశాను. డబ్బు మీద అనుమానం వచ్చి ఆగిపోవడం ఎక్కువ చూశాను.

బయటి డబ్బు రాకముందే ఊరి చందా పడాలి. ఆ ఊళ్లో ఇంటికి వంద రూపాయలు, ఇవ్వలేనివాళ్లు ఒక పూట శ్రమ అని తీర్మానించుకున్నారు. శ్రమని కూడా పుస్తకంలో పేరుతో రాయాలి, డబ్బిచ్చినవాళ్ల పేర్ల వరుసలోనే. వేరే పేజీలో రాస్తే అది వేరే గౌరవం అయిపోతుంది.

హుండీ పెట్టె ఒక ఇంట్లో, దాని తాళంచెవి ఇంకో వీధిలో ఇంకో ఇంట్లో, లెక్కల పుస్తకం మూడో మనిషి దగ్గర ఉంచండి. బ్యాంకు ఖాతా అయితే ముగ్గురి పేర్లు, డబ్బు తీయడానికి ఏ ఇద్దరి సంతకాలైనా ఉండాలి, ముగ్గురిలో కనీసం ఒక ఆడమనిషి ఉండాలి. మీరు బయట ఊళ్లో ఉండి డబ్బు పంపేవాళ్లయితే ఆ ముగ్గురిలో మీ పేరు ఉండకూడదు. మీ తమ్ముడి పేరూ ఉండకూడదు.

లెక్కలు గోడకి అంటిస్తే చాలదు, చదివి వినిపించాలి. ఆ ఊళ్లో పని అయిన ఐదో రోజు రాత్రి బడి వరండాలో డిగ్రీ చదివే అమ్మాయి పుస్తకం చదివింది. జేసీబీ ఇన్ని గంటలు, సిమెంటు సంచులు ఇన్ని, టీ వడలు 380 రూపాయలు. రెండు పద్దులయ్యాక మళ్లీ టీ వడలు 380. వెనక కూర్చున్న ఒక ముసలమ్మ, అక్షరం రాదు ఆమెకి, "ఏందమ్మే, ఆ టీ నేనే గదా పోసింది! ఒక్కసారే పోశా, రెండుసార్లు చదవతా ఉండావే" అంది. ఆ అమ్మాయి మొహం కందిపోయింది. పొరపాటున రెండుసార్లు ఎక్కించింది, అంతే. అక్కడికక్కడే ఒక గీత కొట్టించాం, పాత అంకె కనబడేలాగే. పక్కన తేదీ వేసి ఇద్దరు సంతకం పెట్టారు. దిద్ది రాస్తే అనుమానం, కొట్టివేసి చూపిస్తే నమ్మకం. మర్నాటికల్లా అప్పటిదాకా చందా ఇవ్వని పదకొండు ఇళ్లవాళ్లు తెచ్చి ఇచ్చారు.

మీ డబ్బు దేనికి పెట్టాలంటే, వాళ్ల చేతుల వల్ల కానిదానికి. జేసీబీ అద్దె, పైపులు, సిమెంటు. శ్రమదానానికి వచ్చినవాళ్లకి కూలి ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే వచ్చే ఏడు ఎవరూ ఊరికే రారు, వాళ్ల తప్పు కూడా కాదు. మొత్తం ఒకేసారి పంపకుండా సగం పంపి, లెక్క చదివి వినిపించాక మిగతాది పంపండి. మీ పేరు రాయి మీద చెక్కించమని అడగొద్దు. పేరు కనబడితే అది మీ పనైపోతుంది, పాడైతే బాగుచేయడం కూడా మీ వంతే అనుకుంటారు.

కాగితం పనిలో మీరు ఉపయోగపడతారు

చదువుకున్నవాళ్లు, బయట ఉద్యోగాలు చేసేవాళ్లు నిజంగా సాయపడగలిగింది ఇక్కడ. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అలాంటి రోజు ముందే తెలిస్తే మీ ఊరివాళ్ల పనిని అందులో చదివించి, తీర్మానం పుస్తకంలో ఎక్కించుకుని, నకలు తీసుకోండి. నోటితో "చూద్దాంలే" అన్నదానికి విలువ లేదు.

పంచాయతీ ఏ పనులు ప్రణాళికలో పెట్టిందో, ఎంత ఖర్చు రాసిందో ఈ-గ్రామ్ స్వరాజ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. ఫోన్‌లో తెరిచి పొదుపు సంఘం మీటింగులో చూపించండి, ఆడవాళ్లు ఆశ్చర్యపోతారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి వాడాలనే నియమం పెట్టారు. ఈ సంగతి తెలిస్తే కుళాయి గురించి, మురుగు కాలువ గురించి అడిగే గొంతు మారుతుంది.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. అర్జీ మీరు రాసిపెట్టండి కానీ సంతకం, సమర్పించడం ఊరివాళ్ల చేతే చేయించండి. మొదటిసారి వెంట వెళ్లండి, రెండోసారి గేటు దగ్గర నిలబడండి, మూడోసారి వెళ్లొద్దు. సోమవారం అర్జీల రోజున కలెక్టరేట్‌కి వెళ్తే రసీదు తీసుకునే కదలమని చెప్పండి.

పార్టీల గొడవ ఎలాగూ వస్తుంది. ఫ్లెక్సీ వద్దని మొదటి మీటింగులోనే అందరి చేతా అనిపించండి. సర్పంచి ఏ పార్టీ అయినా ముందు ఆయనకి చెప్పి మొదలుపెట్టండి. మా దగ్గర ఈ రెండూ చాలావరకు పనిచేశాయి.

ఆ ఊరికి పోయిన ఏడాది నేను చాలా రోజులు వెళ్లలేకపోయాను, మోకాళ్ల నొప్పులు. నవంబరులో తుపాను వానలకి చెరువు నిండి కలుజు (అలుగు) పారిందని ఫోన్‌లో వీడియో పంపారు. వారం తర్వాత ఆటో కట్టించుకుని వెళ్లాను. గండి పూడ్చిన చోటు చూసి, బడి దగ్గర పుస్తకం అడిగాను. చివరి పేజీలో చేతిరాత నేనెరిగినది కాదు, ఆ డిగ్రీ అమ్మాయి పెళ్లై వెళ్లిపోయింది. సెప్టెంబరు నెల కింద ఇలా రాసి ఉంది: కాలువ శుభ్రం, రెండో భాగం, 400 మీటర్లు. శ్రమ 43 మంది. జేసీబీ 5 గంటలు. టీ వడలు 430, ఒక్కసారే.