పాత స్పోర్ట్స్ కారు క్లచ్ – మూడో పాఠం: గేర్‌బాక్స్ దించే ముందు

మొదటి రెండు పాఠాల్లో ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఏవేవో, ఏది దేన్ని నొక్కుతుందో చూశాం. క్లుప్తంగా చెప్పాలంటే, ప్రెషర్ ప్లేటు క్లచ్ ప్లేటుని ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్‌కి నొక్కి పట్టి బలాన్ని గేర్‌బాక్స్‌కి పంపుతుంది, పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ఆ పట్టు విడిపిస్తుంది. ఇప్పుడు అసలు ఫిర్యాదుకి వద్దాం. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రేజ్ అవుతుంది, బండి మాత్రం లాగదు, అంటే క్లచ్ జారుతోందని అనుమానం. ఈ మాట చెప్పగానే ఎవరైనా ఇచ్చే తీర్పు ఒకటే: "ప్లేటు అరిగిపోయింది, మార్చేయండి."

చాలాసార్లు అది నిజమే. కాకపోతే పాత స్పోర్ట్స్ కార్లలో ఆ తీర్పుకి పెద్ద పనే పడుతుంది. ఎంజీబీలో క్లచ్ చేతికందాలంటే ఇంజిన్ బయటికి రావాలి. జాగ్వార్ ఈ-టైప్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి ఎత్తాలి. ఎయిర్ కూల్డ్ పోర్షా 911లో రెండింటినీ కలిపి కిందికి దించాలి. మాజ్డా ఎంఎక్స్-5లో గేర్‌బాక్స్ కిందినుంచే వస్తుంది, కానీ అదీ చిన్న పని కాదు. అంత పనీ చేశాక తప్పు క్లచ్ ఫ్లూయిడ్ పోయే రబ్బరు గొట్టంలో ఉందని తేలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే ఈ పాఠమంతా స్పానర్ పెద్దగా పట్టకుండా చేసే పరీక్షల గురించే.

జారుతోందా, లేదా?

ఇంజిన్ బాగా వేడెక్కాక ఖాళీగా, పొడిగా ఉన్న రోడ్డు మీదికి వెళ్లండి. కొంచెం ఎత్తు ఎక్కే రోడ్డయితే ఇంకా మంచిది. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని మీటర్లు చూసే పని వాళ్లకి అప్పగించండి. నాలుగో గేరులో 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్తూ ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎంతుందో రాయించండి. తర్వాత యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి.

క్లచ్ గట్టిగా పట్టి ఉంటే ఒక గేరులో ఆర్‌పీఎమ్‌కీ వేగానికీ ఉన్న లెక్క మారదు. ఉదాహరణకు ఫ్యాక్టరీ సైజు టైర్లున్న ఎంజీబీలో ఓవర్‌డ్రైవ్ (పై గేరులో ఇంజిన్ వేగం తగ్గించే అదనపు గేరు) లేకుండా నాలుగో గేరులో 1000 ఆర్‌పీఎమ్‌కి సుమారు 29 కిలోమీటర్ల వేగం వస్తుంది. అంటే 60 దగ్గర ఆర్‌పీఎమ్ ముల్లు 2100 చుట్టూ ఉండాలి, వేగం పెరిగేకొద్దీ అదే లెక్కలో పైకి పోవాలి. వేగం 60లోనే ఉండగా ముల్లు ఒక్కసారిగా 2600కి ఎగబాకి, తర్వాత వేగం నెమ్మదిగా దాన్ని అందుకుంటే అది జారడమే. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ అవతలి వైపునుంచి తిరుగుతుంది కాబట్టి క్లచ్ జారినా అది మోసపోదు. పాత మీటరు కాస్త తప్పు చూపించినా ఇబ్బంది లేదు, మనం పోలుస్తున్నది దాని అంకెలతోనే.

మొదటి, రెండో గేర్లలో ఈ పరీక్ష ఎందుకు చేయం? అక్కడ ముల్లు ఎలాగూ వేగంగానే లేస్తుంది, కొద్దిపాటి జారుడు అందులో కలిసిపోతుంది. పైగా ఇంజిన్ బలంలో కొంత దాని సొంత బరువును, ఫ్లైవీల్‌ని వేగంగా తిప్పడానికే పోతుంది. పై గేరులో ఇంజిన్ వేగం మెల్లగా పెరుగుతుంది కాబట్టి బలం దాదాపు అంతా క్లచ్ మీదే, అదీ ఎక్కువసేపు పడుతుంది. అరకొర క్లచ్ మొదట దొరికిపోయేది అక్కడే. రెండు మూడుసార్లకు మించి చేయకండి. జారిన ప్రతిసారీ ప్లేటు కాలుతుంది, వాసన వస్తే వెంటనే ఆపేయండి.

ఓవర్‌డ్రైవ్ ఉన్న బండి అయితే ఇదే పరీక్ష అది వేసి ఒకసారి, తీసి ఒకసారి చేయాలి. వేసినప్పుడు మాత్రమే జారితే క్లచ్‌ని వదిలేయండి. ఓవర్‌డ్రైవ్ లోపలి కోన్ పట్టు తప్పుతోంది, ముందు దాని ఆయిల్, ప్రెషర్ చూడాలి.

హ్యాండ్‌బ్రేక్ లాగి, పై గేరులో క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవాలి అనే పరీక్ష అందరూ చెబుతారు. నాకు దాని మీద నమ్మకం లేదు. ఐడిల్‌లో ఇంజిన్ ఇచ్చే బలం చాలా తక్కువ, సగం చచ్చిన క్లచ్ కూడా ఆ మాత్రం పట్టుకుంటుంది. ఇంజిన్ ఆగకపోతే క్లచ్ ఖాయంగా జారుతున్నట్టు. ఆగితే మాత్రం ఏమీ తెలిసినట్టు కాదు.

పెడల్ వైపు తప్పుందా?

ప్లేటు బాగానే ఉన్నా, ప్రెషర్ ప్లేటు దాన్ని పూర్తి బలంతో నొక్కకపోతే జారుతుంది. పెడల్ మీద మీ కాలు లేకపోయినా ఏదో ఒకటి రిలీజ్ బేరింగ్‌ని కొంచెం తోసే ఉంచితే, మీరు ఎప్పుడూ హాఫ్ క్లచ్‌లో నడుపుతున్నట్టే.

కేబుల్ క్లచ్ అయితే పని తేలిక. 1987 మోడల్‌కి ముందు పోర్షా 911లు ఈ రకమే. ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు వేళ్లు (బేరింగ్ కదిపే స్ప్రింగ్ రేకులు) బేరింగ్ వైపు జరుగుతాయి, పెడల్ దగ్గర ఉండాల్సిన వదులు తగ్గుతూ వస్తుంది. అది పూర్తిగా పోయిన రోజున జారుడు మొదలవుతుంది. పెడల్‌ని చేత్తో నొక్కి, బరువు తగిలేదాకా ఎంత కదిలిందో స్కేలుతో కొలవండి, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చండి. సర్దితే జారుడు ఆగిపోవచ్చు. అరుగుదల మాత్రం అలాగే ఉందని గుర్తుంచుకోండి.

హైడ్రాలిక్ రకంలో తప్పు కంటికి కనబడదు. ఇందులో పెడల్ పుష్‌రాడ్ అనే కడ్డీతో మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని తోస్తుంది, ఆ ఒత్తిడి ఫ్లూయిడ్ గొట్టం గుండా స్లేవ్ సిలిండర్‌కి చేరి, ఫోర్క్ అనే మీట ద్వారా రిలీజ్ బేరింగ్‌ని కదుపుతుంది. పెడల్ వదిలాక మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే రిజర్వాయర్‌కి పోయే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. పుష్‌రాడ్‌కి వదులు లేకపోతే, పెడల్ స్ప్రింగ్ బలహీనపడితే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. బండి వేడెక్కేకొద్దీ లోపల చిక్కుకున్న ఫ్లూయిడ్ వ్యాకోచించి, పోయే దారిలేక బేరింగ్‌ని తోస్తుంది. పాతబడి లోపల ఉబ్బిన రబ్బరు గొట్టం కూడా ఇంతే. కాలి బలానికి ఫ్లూయిడ్‌ని ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. బయలుదేరినప్పుడు బాగుండి, కాసేపయ్యాక జారి, చల్లారాక మళ్లీ బాగైపోయే క్లచ్ కనబడితే నేను మొదట అనుమానించేది ఇలా చిక్కుకున్న ఒత్తిడినే.

జారుతుండగానే బండి ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి. సైలెన్సర్ గొట్టం కాలుతూ ఉంటుంది, దూరంగా ఉండండి. పెడల్ ముట్టుకోకుండా స్లేవ్ సిలిండర్ బ్లీడ్ నిపుల్‌ని (ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయండి. ఫ్లూయిడ్ మెల్లగా కారితే మామూలే. చిమ్మి, ఫోర్క్ వెనక్కి జరిగితే ఒత్తిడి లోపల చిక్కుకుందన్నమాట.

ఎక్కడ చిక్కుకుంది? నిపుల్ బిగించి, బ్లీడ్ చేసి (లోపలి గాలి తీసేసి), మళ్లీ జారేదాకా నడపండి. ఈసారి ముందు మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు జాయింట్ వదులు చేయండి. అక్కడే ఫోర్క్ వెనక్కి వస్తే తప్పు మాస్టర్‌దో, పుష్‌రాడ్‌దో. అక్కడ ఏమీ కాక, నిపుల్ తెరిచాకే వస్తే గొట్టం మార్చండి. చిందిన ఫ్లూయిడ్‌ని వెంటనే నీళ్లతో కడిగేయండి, పెయింట్ తినేస్తుంది.

ఒక హెచ్చరిక: ఎంజీబీ లాంటి వాటిలో స్లేవ్ దానంతట అదే సర్దుకుంటుంది. ఫోర్క్‌లో వదులు లేదని కంగారుపడి లేని సర్దుబాటు కోసం వెతకకండి.

ఇక మిగిలినవి

పెడల్ వైపు తప్పు లేదని తేలితే లోపలికి వెళ్లక తప్పదు. వెళ్లే ముందు బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉంచే డొప్ప) అడుగున ఉండే రంధ్రం చూడండి. ఎంజీబీలో అందులో ఒక స్ప్లిట్ పిన్ వేలాడుతుంటుంది. అక్కడ ఆయిల్ కారుతుంటే ప్లేటు తడిసి ఉండొచ్చు. గంధకం ఘాటు వాసన వస్తే అది గేర్ ఆయిల్, లేకపోతే ఇంజిన్ వెనకవైపు లీకు అయ్యే అవకాశం ఎక్కువ. కారణం సరిచేయకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ తడుస్తుంది. క్లచ్ ఈమధ్యే మార్చిన బండి అయితే ఫ్లైవీల్ గ్రైండింగ్ చేయించారా, ఇంజిన్ బలం పెంచారా అని అడిగి తెలుసుకోండి. మెట్టున్న ఫ్లైవీల్‌లో (ప్లేటు రాసుకునే ముఖం, ప్రెషర్ ప్లేటు బిగించే అంచు వేర్వేరు ఎత్తుల్లో ఉండేది) లోపలి ముఖం ఒక్కటే చెక్కితే కొత్త ప్రెషర్ ప్లేటు కూడా సరిగా నొక్కదు.

వచ్చే పాఠంలోపు నాలుగో గేరు అంకెలు, పెడల్ వదులు, నిపుల్ పరీక్ష ఫలితం, అడుగున ఆయిల్ ఉందా లేదా అన్నవి రాసిపెట్టుకోండి. పెడల్ వైపే తప్పు దొరికినవాళ్లు దాన్ని సరిచేసి, అదే గేరులో అదే వేగం దగ్గర రోడ్డు పరీక్ష మళ్లీ చేయండి. జారుడు ఆగిపోతే నాలుగో పాఠంతో మీకు తొందరేమీ లేదు. ఆగకపోతే ఇన్నాళ్లూ జారి జారి ప్లేటు ముఖం గాజులా నున్నబడి ఉండవచ్చు. బెల్ హౌసింగ్ విప్పాక దాన్ని ఎలా గుర్తుపట్టాలో నాలుగో పాఠంలో చూద్దాం.