ఒక నది, ఒక ఊరు, ఐదు రాత్రులు: వాఖావ్ ద్రాక్షలోయలో తీరికగా తిరగడం ఎలా

యూరప్ యాత్ర అనగానే మన ట్రావెల్ ఏజెంట్లు చేతిలో పెట్టే పట్టికలో పన్నెండు రోజులకు ఏడెనిమిది దేశాలు ఉంటాయి. ప్యారిస్‌లో ఒక పగలు, స్విట్జర్లాండ్‌లో ఒక మంచుకొండ, పీసాలో వాలిన గోపురం ముందు ఒక ఫొటో, వీటి మధ్య బస్సులో కునికిపాట్లు. మొదటిసారి వెళ్లేవారు అలా చూసి రావడంలో తప్పేమీ లేదు. రెండోసారి వెళ్లేవారు, లేదా మొదటిసారే అయినా పరుగు ఇష్టపడనివారు, ఒక నదీలోయను ఎంచుకుని అందులో ఒకే ఊళ్లో ఐదు రాత్రులు ఉండిపోవడం మంచిదని నా అభిప్రాయం. అందుకు ఆస్ట్రియాలోని వాఖావ్ లోయ చక్కగా సరిపోతుంది. మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు డాన్యూబ్ నది కొండల మధ్యగా ప్రవహించే సుమారు 36 కిలోమీటర్ల మేర ఇది. వియన్నాకు పడమరన రైలులో గంట, గంటంబావు దూరంలోనే ఉంది. 2000లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా మనవారి యాత్రల్లో దీని పేరు అరుదుగానే వినిపిస్తుంది.

ముందుగా వీసా విషయం. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంజెన్ వీసాకు ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. ఒకే లోయలో ఉండిపోయేవారికి ఈ లెక్క తేలిక, ఎందుకంటే హోటల్ బుకింగులన్నీ ఒకే దేశంలో ఉంటాయి కనుక కాగితాల్లో చిక్కులు రావు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వవచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలని నిబంధన ఉన్నా అంతవరకు ఆగకపోవడమే మేలు, వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. 2024 జూన్ నుంచి పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ఏ నెలలో వెళ్లాలన్నది మీరు ఏం చూడాలనుకుంటున్నారన్న దానిని బట్టి ఉంటుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఆప్రికాట్ చెట్లు తెల్లగా పూస్తాయి. ఆ పూత వారం, పది రోజులకు మించి నిలవదు, ఏటా ఒకే తేదీకి రాదు కూడా, కాబట్టి దానికోసమే టికెట్లు కొనడం జూదం. జూన్‌లో పగలు బాగా పొడవుగా ఉంటుంది, ఆ నెల మూడో వారంలో కొండల మీద, నది ఒడ్డున మంటలు వేసి పండుగ చేసుకుంటారు. జూలైలో ఆప్రికాట్లు పండుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ద్రాక్ష కోత ఉంటుంది. అప్పుడు లోయ చాలా అందంగా ఉంటుంది, గదుల ధరలూ అంతే ఎత్తున ఉంటాయి. నన్ను అడిగితే మే నెల అంటాను: చలి తగ్గి, తీగలు చిగురించి, జనం ఇంకా పలుచగా ఉండే కాలం అది. నవంబరు నుంచి మార్చి వరకు ఓడలు దాదాపుగా తిరగవు, చాలా భోజనశాలలు మూసి ఉంటాయి, కాబట్టి ఆ నెలలను వదిలేయాలి.

లోయలోకి ఎలా ప్రవేశిస్తారన్నది చిన్న విషయంలా కనిపించినా యాత్ర రుచి దానిమీదే ఆధారపడి ఉంటుంది. వియన్నా నుంచి నేరుగా క్రెమ్స్‌కు రైలు ఉంది కానీ దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకోవాలి. వెళ్లేటప్పుడు పొద్దున్నే మెల్క్‌కు రైలెక్కి, అక్కడి మఠం చూసి, మధ్యాహ్నం ఓడలో దిగువకు రావాలి. మెల్క్ నుంచి క్రెమ్స్‌కు ప్రవాహం వెంట రావడానికి ఓడకు రెండు గంటల లోపే పడుతుంది. అదే దూరం ఎదురెక్కాలంటే సుమారు మూడు గంటలు పడుతుంది. గోదావరి మీద పాపికొండల లాంచీ ఎక్కినవారికి ఈ తేడా వివరించనక్కర్లేదు. పెద్ద పెట్టెలను వియన్నా హోటల్‌లోనే వదిలి, ఐదు రోజులకు సరిపడే ఒక్క సంచితో బయలుదేరితే మఠం మెట్లు, ఓడ రేవు రెండూ సుఖంగా దాటవచ్చు.

మెల్క్ మఠం 1089 నుంచి బెనెడిక్టైన్ శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసులదే. ఇప్పుడు కొండమీద పసుపుపచ్చగా మెరిసే భవనాన్ని యాకోబ్ ప్రాండ్‌టావర్ అనే వాస్తుశిల్పి రూపకల్పనతో 1702, 1736 మధ్య కట్టారు. చాలామంది చర్చిలోని బంగారు పూత చూసి తిరిగి వచ్చేస్తారు. సుమారు లక్ష సంపుటాలున్న గ్రంథాలయంలో తీరికగా నిలబడితే ఈ లోయ చరిత్రలో మఠాల పాత్ర ఎంతో తెలుస్తుంది, ఎందుకంటే నిటారైన కొండలను మెట్లుమెట్లుగా చెక్కి ద్రాక్ష పెంచడం మధ్యయుగాల్లో మఠాల ఆధ్వర్యంలోనే విస్తరించింది.

ఓడలో మొదటి సగం దూరం కుడివైపు కూర్చోవాలి. షోన్‌బ్యూయెల్ కోట, ఆ తరువాత కొండకొమ్మున ఉన్న ఆగ్‌ష్టైన్ కోట శిథిలాలు ఆ వైపే వస్తాయి. ష్పిట్స్ అనే ఊరు రాగానే ఎడమవైపుకు మారాలి, పేరున్న ద్రాక్షతోటల్లో ఎక్కువ భాగం ఆ ఒడ్డునే ఉన్నాయి. ష్పిట్స్‌కు కొంచెం ముందు ఎడమ ఒడ్డున విల్లెన్‌డోర్ఫ్ అనే పల్లె ఉంది. 1908లో ఇక్కడ రైలు మార్గం వేస్తున్నప్పుడు జరిగిన తవ్వకాల్లోనే 'విల్లెన్‌డోర్ఫ్ వీనస్'గా ప్రసిద్ధమైన, పాతరాతియుగం నాటి 11 సెంటీమీటర్ల రాతి స్త్రీమూర్తి దొరికింది. అసలు విగ్రహం వియన్నాలోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఉంది కాబట్టి దానికోసం పల్లెలో దిగనక్కర్లేదు.

బసకు క్రెమ్స్‌ను ఎంచుకోవాలి. డ్యూర్న్‌ష్టైన్ ఇంకా అందమైన ఊరే కానీ ఖరీదు ఎక్కువ, రాత్రి ఎనిమిది దాటితే చేయడానికి ఏమీ ఉండదు. క్రెమ్స్‌లో రైలు స్టేషన్, బస్సులు, కూరగాయల దుకాణాలు, మందుల షాపులు అన్నీ నడక దూరంలో ఉంటాయి. 995 నాటి పత్రంలోనే పేరు కనిపించే పాత ఊరు ఇది. పదిహేనో శతాబ్దపు ష్టైనర్ టోర్ అనే కోట ద్వారం గుండా ఊళ్లోకి అడుగుపెడతారు. పడమరన దీనికి ఆనుకుని ష్టైన్ ఉంది. "క్రెమ్స్ ఉండ్ ష్టైన్ మూడు ఊళ్లు" అని స్థానికులు హాస్యానికి అంటారు. జర్మన్‌లో "ఉండ్" అంటే "మరియు" అని అర్థం, కానీ రెండింటి నడుమ నిజంగానే ఉండ్ అనే పేరుతో ఒక చిన్న పేట ఉంది! ఒక రోజంతా ఈ మూడు ఊళ్ల సందుల్లోనే గడిపితే చాలు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయని మరిచిపోకూడదు, పాలు, పెరుగు, పళ్లు శనివారం సాయంత్రమే తెచ్చుకోవాలి.

రెండో రోజు సైకిల్‌కు కేటాయించాలి. నదికి రెండు ఒడ్డులా దాదాపు సమతలంగా సైకిల్ దారి ఉంది, అలవాటు లేనివారు బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకోవచ్చు. ఉత్తరపు ఒడ్డున ఊళ్లెక్కువ, దక్షిణపు ఒడ్డున నిశ్శబ్దమెక్కువ. ఒక ఒడ్డున వెళ్లి మరో ఒడ్డున తిరిగి రావడానికి పంట్లు ఉన్నాయి. వైసెన్‌కిర్షెన్ దగ్గర, ష్పిట్స్ దగ్గర నడిచే పంట్లను తప్పక ఎక్కాలి, ఎందుకంటే నదికి అడ్డంగా కట్టిన ఇనుప తాడును పట్టుకుని, ఇంజను బలంతో కాక ప్రవాహపు తోపుతోనే అవి ఆవలి ఒడ్డుకు చేరతాయి. కోనసీమలో పంటు కోసం రేవులో ఎదురుచూసిన అనుభవం ఉన్నవారికి ఇక్కడి ఐదు నిమిషాల దాటుడు ప్రత్యేకంగా నచ్చుతుంది. ష్పిట్స్ దాకా వెళ్లేవారు దానికి కొంచెం ముందే వచ్చే సాంక్ట్ మిఖాయెల్ చర్చి కప్పు మీద వరుసగా ఉన్న మట్టి జంతువులను చూడాలి. వాటిని ఏడు కుందేళ్లంటారు. ఒక ఏడాది మంచు చర్చి కప్పు దాకా పేరుకుపోతే కుందేళ్లు దాని మీదుగా పరుగెత్తాయని కథ.

డ్యూర్న్‌ష్టైన్‌ను మాత్రం మధ్యాహ్నం చూడకూడదు. విహార ఓడల జనమంతా పదకొండుకు దిగి నాలుగింటికి వెళ్లిపోతారు, అంతసేపు ఆ ఒక్క వీధిలో తిరునాళ్ల రద్దీ ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకో, సాయంత్రం ఐదు తరువాతో వెళితే నీలం, తెలుపు రంగుల చర్చి గోపురం కింద మీరూ, పావురాలూ మాత్రమే ఉంటారు. ఊరి పైన శిథిలమైన కోటకు అరగంట ఎక్కుడు. రాళ్ల దారి కాబట్టి పట్టున్న బూట్లు వేసుకోవాలి. ఇంగ్లండు రాజు సింహహృదయుడు రిచర్డ్ మూడో క్రూసేడు అనే క్రైస్తవ మతయుద్ధం నుంచి మారువేషంలో తిరిగి వస్తూ 1192 డిసెంబరులో వియన్నా దగ్గర పట్టుబడ్డాడు. ఆస్ట్రియా ప్రభువు ఐదో లియోపోల్డ్ అతణ్ణి బంధించింది ఈ కోటలోనే. మరుసటి ఏడాది అతణ్ణి జర్మన్ చక్రవర్తికి అప్పగించాడు. విడుదలకు చెల్లించిన భారీ వెండిలో లియోపోల్డ్ వాటాతో వియన్నా ప్రాకారాలు బలపడ్డాయి, వీనర్ నాయ్‌ష్టట్ అనే కొత్త పట్టణం వెలిసింది. పైనుంచి నది వంపు చూస్తున్నప్పుడు ఖైదీకి ఈ దృశ్యం కనిపించి ఉంటుందా అన్న ఆలోచన రాకమానదు.

ఇక వైన్ సంగతి. మన దగ్గర "వైన్ షాపు" అంటే వైన్ తప్ప అన్నీ దొరికే చోటు కనుక ఈ విషయంలో కొంత ముందస్తు పరిచయం అవసరం. ఇక్కడ పండేవి ప్రధానంగా తెల్లద్రాక్షలు: కొంచెం మిరియపు ఘాటు తోచే గ్రూనర్ వెల్ట్‌లీనర్, పుల్లపండ్ల వాసనలుండే రీస్లింగ్. తూర్పు మైదానం నుంచి పగలు వచ్చే వెచ్చని గాలి, ఉత్తరపు అడవుల నుంచి రాత్రి దిగే చల్లని గాలి, రాతి గోడల మెట్లు పగలంతా దాచుకునే వేడి కలిసి పండుకు తీపినీ పులుపునూ రెండింటినీ ఇస్తాయి. స్థానిక ఉత్పత్తిదారుల సంఘం విన్యా వాఖావ్ సీసాల మీద మూడు పేర్లు వాడుతుంది. ష్టైన్‌ఫెడర్ తేలికైనది, అందులో ఆల్కహాల్ 11.5 శాతం దాటదు. ఫెడర్‌ష్పీల్ 11.5 నుంచి 12.5 వరకు ఉంటుంది. 12.5 పైన ఉన్న చిక్కని వైన్‌ను స్మరాగ్ద్ అంటారు. స్మరాగ్ద్ అంటే మరకతం, రెండు మాటలూ దూరపు చుట్టాలే. అయితే ఈ పేరు రత్నాన్ని చూసి పెట్టింది కాదు, రాతి గోడల మీద ఎండ కాచుకునే పచ్చబల్లిని చూసి పెట్టింది. రుచి చూసేటప్పుడు ఈ వరుసలోనే తేలిక నుంచి చిక్కనకు వెళ్లాలి, తిరగేస్తే మొదటి రెండూ నీళ్లలా అనిపిస్తాయి.

కొత్తవారు డ్యూర్న్‌ష్టైన్‌లోని డొమేనె వాఖావ్ అనే రైతు సహకార సంఘం దుకాణంతో మొదలుపెడితే మొహమాటం ఉండదు. చిన్న కుటుంబాల తోటలకు వెళ్లాలంటే ముందురోజు ఫోన్ చేయడం మర్యాద. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు, అందుకే పక్కన పాత్ర పెడతారు. నాలుగు రకాలు రుచి చూశాక ఒక్క సీసా అయినా కొనడం బాగుంటుంది. కొనేటప్పుడు మూత మీద ఎరుపు, తెలుపు, ఎరుపు చారలు చూడాలి. 1985లో కొందరు వ్యాపారులు వైన్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపి పట్టుబడిన కుంభకోణం తరువాత ఆస్ట్రియా తన వైన్ చట్టాన్ని చాలా కఠినం చేసింది. ఈ చారలున్న సీసా ప్రభుత్వ పరీక్ష దాటినదని అర్థం. రుచి చూసే రోజున కారు నడపకూడదు. అక్కడ చోదకుల రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.5 పర్ మిల్ (అంటే వెయ్యింట అరవంతు), సైకిల్ తొక్కేవారికీ 0.8 అనే పరిమితి ఉంది, పోలీసులు ఆపవచ్చు.

సాయంత్రాలు హొయ్‌రిగర్‌లలో, అంటే రైతులు తమ వైన్‌ను తామే పోసి అమ్మే పెరటి దుకాణాల్లో గడపాలి. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి రైతులు తమ సొంత వైన్‌ను తామే అమ్ముకోవచ్చని అనుమతించాడు, ఆ ఆనవాయితీ ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో కుటుంబం ఏడాదిలో కొన్ని వారాలే పెరట్లో బల్లలు వేసి అమ్ముతుంది, ఆ తరువాత పక్కింటివారి వంతు. అందుకని ఇంటర్నెట్‌లో పేరు చూసి వెళితే తలుపు మూసి ఉండవచ్చు. గుమ్మం పైన ఆకుల గుత్తి వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు లెక్క. ఏ వారం ఎవరు తెరుస్తారో బస చేసిన ఇంటివారికి బాగా తెలుస్తుంది. వైన్‌ను లీటరులో ఎనిమిదో వంతు చొప్పున పోస్తారు. సోడా కలిపి ఇచ్చేదాన్ని గ్‌ష్ప్రిట్స్‌టర్ అంటారు. తాగనివారికి ద్రాక్షరసం ఉంటుంది, అది ఏ మాత్రం తక్కువది కాదు.

శాకాహారులకు ఇక్కడ జాగ్రత్త అవసరం. పులుసుల్లో గొడ్డుమాంసపు రసం ఉండటం మామూలు. రొట్టె మీద రాసిచ్చే తెల్లని ముద్ద వెన్నలా కనిపించినా పందికొవ్వు కావచ్చు, దాని పేరు ష్మాల్ట్స్. జున్నులో మిరపపొడి కలిపిన లిప్టావర్ మన నాలుకకు నచ్చుతుంది కానీ కొన్నిచోట్ల అందులో చేప కలుపుతారు, అడిగి తీసుకోవాలి. "ఓనె ఫ్లైష్, ఓనె ఫిష్" అంటే మాంసం, చేప లేకుండా అని. ఈ నాలుగు మాటలు వస్తే రోజులు గడిచిపోతాయి. తీపిలో ఆప్రికాట్ పండును పిండిముద్దలో చుట్టి ఉడికించి, వేయించిన రొట్టెపొడిలో దొర్లించే మరిల్లెన్‌క్నోడెల్ తినాలి. హైదరాబాదు పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠా తిన్నవారికి ఆ పండు పాతదే. అక్కడ ఎండిన పండును పాకంలో ఉడికిస్తారు, ఇక్కడ తాజా పండు పులుపును అలాగే ఉంచుతారు.

ఐదు రాత్రుల తరువాత ఇంకా రోజులు మిగిలితే వియన్నా వైపు తిరిగి, అక్కడి నుంచి చెక్ సరిహద్దు దగ్గరి రెట్స్‌కు రైలెక్కవచ్చు. ఊరి చౌకు కింద సుమారు 20 కిలోమీటర్ల వైన్ సొరంగాలు ఉన్నాయి, మార్గదర్శకుడితో కొంత భాగం నడిచి చూడవచ్చు, లోపల చల్లగా ఉంటుంది కనుక స్వెట్టర్ ఉండాలి. అదే రైలు మార్గం సరిహద్దు దాటి జ్నోయ్మో పట్టణానికి వెళుతుంది, అదీ షెంజెన్ పరిధిలోనిదే కాబట్టి వేరే వీసా అక్కర్లేదు.

సీసాలు ఇంటికి తెచ్చుకునేవారికి చివరి లెక్క ఒకటి ఉంది. మన కస్టమ్స్ ఒక్కో పెద్దవారికి 2 లీటర్ల వరకు మద్యాన్ని సుంకం లేకుండా అనుమతిస్తుంది. 0.75 లీటర్ల సీసాలు రెండైతే హద్దులోనే ఉంటాయి, మూడో సీసాతో దాటిపోతుంది. వాటిని బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి. ఆప్రికాట్ జామ్‌ను కూడా అక్కడే పెట్టాలి, ఎందుకంటే విమానాశ్రయంలో జామ్‌నూ ద్రవంగానే లెక్కిస్తారు, చేతి సంచిలో ఉంటే తీసి పక్కన పెట్టేస్తారు.